కాగితం కాదు, ముందు వైద్యం

"ఇది పోలీసు కేసు కదమ్మా, ముందు స్టేషన్‌కెళ్లి కాగితం తెచ్చుకోండి." అత్యాచారానికి గురైన కూతుర్ని పట్టుకుని ఆసుపత్రి మెట్లెక్కిన తల్లికి ఈ మాట ఎదురైందంటే, అక్కడ చట్టం తప్పుతున్నది ఆసుపత్రే.

నిర్భయ ఘటన తర్వాత 2013లో వచ్చిన నిబంధన ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత 397వ సెక్షన్‌గా ఉంది. సర్కారు దవాఖానా అయినా, కార్పొరేట్ ఆసుపత్రి అయినా బాధితులకు వెంటనే, పైసా తీసుకోకుండా వైద్యం చేయాల్సిందే. పోలీసులకు కబురు పెట్టే బాధ్యత కూడా ఆసుపత్రిదే. వైద్యం నిరాకరిస్తే ఏడాది దాకా జైలుశిక్ష పడవచ్చు.

ఇంత తొందర దేనికంటే, మందులకు గడువుంది. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. గర్భం రాకుండా వేసుకునే మాత్రను ఘటన జరిగిన ఐదు రోజుల దాకా ఇవ్వొచ్చు గానీ, ఆలస్యమైనకొద్దీ దాని పనితనం తగ్గుతుంది. స్టేషన్ హద్దుల మీద వాదులాడుకుంటూ కూర్చుంటే ఈ గంటలే కరిగిపోతాయి. ఆధారాలూ అంతే. స్నానం చేసేసినా, బట్టలు మార్చుకున్నా ఆసుపత్రికి వెళ్లడం మానకూడదు. విడిచిన బట్టలను కాగితం సంచిలో పెట్టాలి. ప్లాస్టిక్ కవర్లో చెమ్మ పట్టి ఆధారాలు పాడవుతాయి.

వైద్య పరీక్షకు బాధితురాలు ఒప్పుకోవాలి. వద్దంటే వద్దే, అంతమాత్రాన చికిత్స ఆపకూడదు. ఇక బాధితురాలికి లైంగిక అనుభవం ఉందో లేదో తేల్చేందుకంటూ చేసే 'రెండు వేళ్ల పరీక్ష'ను సుప్రీంకోర్టు 2013లోనే తప్పుపట్టింది. 2022 అక్టోబరులో జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ హిమా కోహ్లీల ధర్మాసనం, ఆ పరీక్ష చేసేవారిని దుష్ప్రవర్తన కింద దోషులుగా చూడాలంది. తొమ్మిదేళ్ల తర్వాత అదే మాట మళ్లీ చెప్పాల్సి వచ్చిందంటే, మన వైద్య కళాశాలల్లో పాఠాలు ఎలా సాగుతున్నాయో ఊహించుకోవచ్చు. పాఠ్యాంశాలను సమీక్షించాలని కోర్టు కూడా ఆదేశించింది.

బాధితులకు అండగా హైదరాబాద్‌లో 2016 నుంచి భరోసా కేంద్రం పనిచేస్తోంది. వైద్యం, కౌన్సెలింగ్, న్యాయసాయం ఒక్కచోటే దొరికే సఖి కేంద్రాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అయితే అర్ధరాత్రి ఆ పిల్లకు ముందు ఎదురయ్యేది క్యాజువాలిటీలోని డ్యూటీ డాక్టరు, నర్సమ్మ. శిక్షణ ఇవ్వాల్సింది వాళ్లకి. "ఎఫ్ఐఆర్ లేకున్నా ఇక్కడ ఉచితంగా వైద్యం చేస్తాం" అని ప్రతి క్యాజువాలిటీ గోడ మీదా తెలుగులో రాయించడానికి ఖర్చెంత? రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ఈ పని వెంటనే చేయాలి. ఎవరైనా వైద్యం చేయబోమంటే బాధితులు, వారి తరఫువారు 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు.