మార్జాలమూ మార్జనమూ

ప్రబంధాల మీద రాసుకోవలసిన వయసులో పిల్లి విసర్జన మీద టపా ఏమిటని కొందరు ముక్కు మూసుకోవచ్చు. ఆ ముక్కు మూసుకునే అలవాటు మీదనే ఈ టపా.

రెండేళ్ళ క్రితం వానాకాలంలో మా మనవరాలు, మెట్ల కింద తడిసి వణుకుతున్న పిల్లికూనను ఇంటికి తెచ్చింది. మేముండేది కాజీపేటలో, మూడో అంతస్తులో. పూర్వం పిల్లికి పెరడుండేది. గోళ్ళతో మన్ను తవ్వి, పని కానిచ్చి, కప్పిపెట్టి వచ్చేది. అపార్టుమెంటులో మన్నెక్కడిది? కనుక బాల్కనీ మూలన ఒక ప్లాస్టిక్ తొట్టి వెలిసింది. లిట్టర్ బాక్సు అంటారు. అందులో దుకాణంలో కొన్న బంకమట్టి గుళికలు పోశాం. కొద్దిరోజులకే తొట్టి చుట్టూ గుళికలు చెల్లాచెదురయ్యాయి, అంచుల వెంట తడి నిలిచింది, ఇంటినిండా వాసన. మనవరాలికి కళాశాల, కోడలికి ఉద్యోగం, నాకు పుస్తకాలు. ఎవరూ ఎవరికీ చెప్పకుండానే ఆ మూల మా ఇంట్లో అంట్లు తోమే ఆమె వంతుకు పోయింది.

ఒకనాడు ఆమె చీపురుతో నా కుర్చీ ముందు నిలబడి, “సారూ, పిల్లిది గూడ నేనే ఎత్తాల్నా?” అని అడిగింది. ముప్పైమూడేళ్ళు పిల్లలను ప్రశ్నలడిగి బతికినవాణ్ణి. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది.

ఈ ముచ్చట చెబితే ఒక మిత్రుడు, “అందుకే గదా జీతమిచ్చేది!” అన్నాడు. అయ్యా, కాదు. జీతం మాట్లాడుకున్నది గిన్నెలకూ, ఇల్లూడ్చి తుడవడానికీ. పిల్లి వచ్చాక కొత్త పని వచ్చింది. దాన్ని గురించి ఆమెను అడిగి, ఒప్పుకుంటే వేరుగా డబ్బు కుదుర్చుకుని, చేతులకు తొడుగులిచ్చి ఉంటే నాకు పేచీ లేదు. మనం అడగలేదు. ఎందుకడగలేదు? మలం ఎత్తడానికి వేరే మనుషులు పుట్టే ఉంటారన్న నమ్మకం మన నరాల్లో ఉంది గనుక.

మాది రైలు కూడలి. రైలుపెట్టెల్లో బయో టాయిలెట్లు అమర్చేదాకా ప్రయాణికుల మలం నేరుగా పట్టాల మీద పడేది. దాన్ని ఊడ్చి కడిగిన చేతులు ఏ వాడలవో అందరికీ తెలుసు. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరింత విస్తృతమైన మరో చట్టం వచ్చాయి. రెండోది పట్టాల మీది మలాన్నీ లెక్కలోకి తీసుకుంది. కోలారు బంగారు గనుల్లో, పారిశుద్ధ్య పని చేసే తెలుగు దళిత కుటుంబంలో 1966లో పుట్టిన బెజవాడ విల్సన్, తనవాళ్ళు చేసిన పనిని చూసి తల్లడిల్లి, ఆ పనే ఉండకూడదని ఉద్యమం నడిపారు. 2016లో ఆయనకు మెగసెసే పురస్కారం వచ్చింది. మనం చప్పట్లు కొట్టాం. కొట్టిన చేతులతో తొట్టి మాత్రం ముట్టలేదు.

పిల్లి తొట్టినీ ఆ ఘోరాన్నీ ఒకే త్రాసులో వేస్తారా అని అడగవచ్చు. వేయను. బరువులు వేరు. వేరు మాత్రం ఒకటే.

నా సంగతీ చెప్పుకోవాలి. నేను పనిచేసిన ఒక బడిలో, వరండాలో కుక్క ఖరాబు చేస్తే, ఎప్పుడూ ఒకే వాడ పిల్లలను పేరుపెట్టి పిలిచేవారు. నేను పిలవలేదు. పక్క గదిలో రాగయుక్తంగా పద్యం చదువుతూ ఆ పిలుపు విననట్టు నటించాను. పిలిచిన గొంతుకంటే నా రాగం గొప్పదని ఇప్పుడు అనుకోలేను.

మరొకటి. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. గర్భిణికి కొత్తగా సోకితే కడుపులోని బిడ్డకు ముప్పు. అది విసర్జించిన వెంటనే సోకదు. ఆ శక్తి రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. అంటే ఏరోజుకారోజు ఎత్తేస్తే ప్రమాదం చాలా తగ్గుతుంది. మేము రెండు మూడు రోజులు వదిలేసేవాళ్ళం. ఆమె రాలేని రోజున బదులు వచ్చే కూతురు అప్పుడు ఆరో నెల గర్భిణి. పిల్లికి టీకాలు వేయించే తేదీలు క్యాలెండరు మీద రాసుకున్న ఇల్లు మాది. ఆ పిల్లకు ఒక జత తొడుగులు ఇవ్వాలని తోచలేదు. దైవవశాత్తూ ఏమీ కాలేదు. ఆ దైవం గొప్పలో మాకు వాటా లేదు.

ఆనాటినుంచి తొట్టి నాది, సెలవురోజుల్లో మనవరాలిది. చేస్తేనే తెలిసింది, ఆ మూల అంత రోత పుట్టడానికి కారణం పిల్లి కాదని. తొట్టి చిన్నది. పిల్లి పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి, అంచులు ఎత్తుగా ఉండాలి. రెండు మూడు అంగుళాల మందాన గుళికలు పోసి, పొద్దున్నా సాయంత్రమూ చిల్లుల గరిటెతో గడ్డలు తీసేయాలి. తొట్టి ముందు గరుకు పట్ట పరిస్తే పాదాలకంటిన గుళికలు అక్కడే రాలిపోతాయి. ఫినాయిల్ వాడరాదు: అందులోని ఫినాల్ జాతి రసాయనాలను పిల్లి కాలేయం సరిగా విరవలేదు, పాదాలకంటినదాన్ని అది నాకుతుంది. బ్లీచింగ్ కూడదు: మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే ఊపిరికి చేటు. సబ్బునీళ్ళు, ఆపైన ఎండ చాలు.

మురికి గుళికలను మరుగుదొడ్డిలో గుమ్మరించి చేతులు దులుపుకునేవారికి ఒక మాట. ఆ బంకమట్టి నీళ్ళు తాగి ఉబ్బి గొట్టాన్ని బిగదీస్తుంది. అప్పుడు మూత తీసి లోపలికి దిగేదెవరు? అలా దిగి చనిపోయినవారి కుటుంబాలకు పదిలక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2023లో దాన్ని ముప్పై లక్షలకు పెంచింది. గరిటెడు మట్టిని సంచిలో మూటగట్టి చెత్తలో వేసే ఓపిక మనకుంటే ఆ మూత కొంతకాలం మూసే ఉంటుంది.

మడికట్టుకోవడంలో మనల్ని మించినవారు లేరు. కానీ మడి అంటే ముట్టకపోవడం, శుభ్రం అంటే ముట్టి తుడవడం. మొదటిదానికి పక్కన ఇంకొక మనిషి కావాలి. రెండోదానికి మన చేతులు చాలు. సంస్కృతంలో ‘మృజ్’ ధాతువుకు తుడుచుట అని అర్థం. మార్జనం, చీపురును చెప్పే సమ్మార్జని, ఒంటిని నిత్యం నాకి శుభ్రం చేసుకునే మార్జారం — మూడూ ఆ ధాతువులోనుంచి వచ్చినవే. ఈ వ్యుత్పత్తిని ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద రాశాను. నాకు అర్థమైంది మాత్రం బాల్కనీలో మోకాళ్ళ మీద కూర్చున్నాక.

పెంచినవారే ఎత్తాలి. విభేదించేవారు రాయండి, జవాబిస్తాను. రాసేముందు ఒక్కసారి మీ ఇంట్లో ఆ మూలను ఎవరు తుడుస్తున్నారో, వారిని ఎవరైనా అడిగారో లేదో చూసి రండి.

స్వస్తి.