క్రియాటినిన్ బాగుంటే చాలదు

మన శ్రీకాకుళం జిల్లాలో, ముఖ్యంగా ఉద్దానం గ్రామాలలో, క్రియాటినిన్ అన్న మాట తెలియని ఇల్లు లేదు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాలలో మూత్రపిండాల వ్యాధి పెట్టిన బాధ అటువంటిది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఇది సంతోషించదగిన విషయమే. అయితే ఆ వ్యాధి భయం మాటున మరొక జబ్బు మన కళ్లుగప్పే ప్రమాదం వున్నది. అది మూత్రకోశంలో పుట్టే కంతి.

మూత్రం ఎర్రగా వస్తే వేడి చేసిందని కొబ్బరినీళ్లు, బార్లీ నీళ్లు తాగి ఊరుకునేవారు కొందరు. రక్తపరీక్ష చేయించుకుని, క్రియాటినిన్ సక్రమంగా వున్నదని తెలియగానే గండం గడిచిందనుకుని ఇంటికి వచ్చేవారు మరికొందరు. ఆ అంకె తెలిపేది మూత్రపిండాల పనితీరు మాత్రమే. అవి వడపోసిన మూత్రం నిలవ వుండే సంచిలో కంతి పెరుగుతున్నా ఆ అంకె మారకపోవచ్చు. పైగా ఈ రక్తం చాలామందిలో నొప్పి లేకుండా వస్తుంది. ఒకటి రెండు రోజులు కనిపించి తనంతట తానే ఆగిపోతుంది. ఆగింది గనుక తగ్గిందనుకుంటాము. మళ్లీ కనిపించేసరికి కంతి సంచి కండరంలోకి దిగి వుండవచ్చు. ఆడవారి విషయంలో ఆలస్యం మరీ ఎక్కువ. మూత్రంలో చీము అని, ఇన్‌ఫెక్షన్ అని నెలల తరబడి మాత్రలు మింగిస్తూ వుంటారు.

ఈ జబ్బుకు పెద్ద కారణం పొగాకు. బీడీ, చుట్ట, సిగరెట్టు పొగలోని విషం రక్తంలో కలిసి, మూత్రంలోకి వడకట్టబడి, గంటల తరబడి ఆ సంచిలోనే నిలుస్తుంది. మన తీరంలో ఆడవారు కాల్చే అడ్డపొగ అంగిలి కేన్సర్‌కు దారితీస్తుందని ఎరిగినదే. పొగాకు హాని నోటితోనే ఆగదని కూడా గ్రహించాలి. వలసపోయి రంగులు, రబ్బరు పరిశ్రమలలో కొన్ని రసాయనాల నడుమ ఏళ్ల తరబడి పనిచేసిన వారికీ ముప్పు ఎక్కువే.

జబ్బును కనిపెట్టడం ఎలా? మొదట స్కానింగ్ చేస్తారు. చిన్న కంతులు అందులో తప్పిపోవచ్చు. అందువల్ల మూత్రనాళం గుండా సన్నని దుర్భిణి గొట్టాన్ని పంపి సంచి లోపల కంటితో చూడాలి. కంతి కనిపిస్తే ఆ దారినే లోపలకు పోయి దానిని చెక్కి తీసి, ముక్క పరీక్షకు పంపుతారు. ఆ ముక్కలో కండరం కూడా వుండాలి. లేకపోతే కంతి ఎంత లోతుకు పోయిందో తేలదు. చాలా సందర్భాలలో కొద్ది వారాలలోనే మళ్లీ ముక్క తీయవలసి వస్తుంది.

ఆ పరీక్షలో కంతి ఏ జాతిదో తేలడం అన్నిటికంటె ముఖ్యం. నూటికి సుమారు 90 కంతులు ఒకే రకానివి, సంచి లోపొరలో పుట్టేవి. ఆ రకం పైపొరలోనే వున్నప్పుడు, తిరిగి రాకుండా, పసిపిల్లలకు వేసే బి.సి.జి. మందునే మూత్రకోశంలోకి ఎక్కిస్తారు. కెనడా వైద్యుడు అల్వారో మొరేల్స్ 1976లో ప్రకటించిన చికిత్స అది. మిగిలినవి అరుదైనవి, వాటి దారులు వేరు. ఏళ్ల తరబడి రాళ్లు, గొట్టాల ఒరపిడి వల్ల రాగల పొలుసుకణాల కేన్సర్‌కు ప్రధానంగా శస్త్రచికిత్సే శరణ్యం. చిన్నకణాల కేన్సర్ వేగంగా పాకుతుంది కనుక సాధారణంగా ముందు కీమోథెరపీ ఇచ్చి, ఆ తరువాతనే ఆపరేషనో రేడియేషనో చేస్తారు. తల్లి గర్భంలో శిశువు మూత్రకోశాన్ని బొడ్డుతో కలిపిన గొట్టం పుట్టిన తరువాత నారగా మిగులుతుంది. దానిలో కేన్సర్ పుడితే ఆ నారను, బొడ్డును, సంచి పైభాగాన్ని కలిపి తీసివేస్తారు. సంచి యావత్తూ తీయనక్కరలేని వారెందరో వుంటారు.

ఇంకొక రకం మరీ అరుదు. మూత్రం పోసేటప్పుడు గుండె దడ, తలపోటు, చెమటలు, రక్తపోటు హఠాత్తుగా పెరగడం దాని గుర్తులు. ముందుగా తగిన మందులు ఇవ్వకుండా దానిని కదిపితే రక్తపోటు ప్రాణం మీదకు తేగలదు. కనుక అటువంటి లక్షణాలు వుంటే రోగి సిగ్గుపడక ముందే వైద్యునికి చెప్పాలి.

కంతి పేరు తెలియకుండా వైద్యం మొదలుపెట్టడం తగదు. అందుకే ముక్క రిపోర్టు రోగి చేతికి ఇవ్వాలి. అందులో కంతి రకం, లోతు, కండరం వున్నదీ లేనిదీ స్పష్టంగా వ్రాయాలి. అనుమానం వుంటే పరీక్ష చేసిన గాజు పలకలను, ముక్క దాచిన మైనపు దిమ్మను అడిగి తీసుకుని మరొక నిపుణునికి చూపించవచ్చు. విశాఖపట్నం అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడుపుతున్న హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి మనకు మరీ దూరం కాదు.

అధికారులు చేయవలసినది కూడా వున్నది. క్రియాటినిన్ పరీక్షకు రక్తం తీసేటప్పుడే "మూత్రంలో ఎప్పుడైనా రక్తం కనిపించిందా?" అన్న ఒక్క ప్రశ్న ఏ.ఎన్.ఎం.లు, ఆశా కార్యకర్తలు అడిగి వ్రాసుకోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు. అవునన్న వారిని దుర్భిణి పరీక్షకు ఎక్కడికి, ఏ రోజున పంపాలో ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోను బోర్డు పెట్టాలి. ఉచిత వైద్య పథకం కింద ఏమేమి లభిస్తాయో కూడా ఆ బోర్డు మీదనే వ్రాయాలి. దారి ఖర్చులకే అప్పు చేసే కూలివాడిని ఒక ఆస్పత్రి నుంచి మరొక ఆస్పత్రికి తిప్పడం న్యాయం కాదు. గ్రామాలలో వైద్యం చేసే ఆర్.ఎం.పి.లు కూడా ఎర్రమూత్రానికి సూది వేసి పంపే అలవాటు మానుకోవాలి.

మూత్రంలో రక్తం కనిపించిన ప్రతివారికీ కేన్సర్ వున్నదని భయపడనక్కరలేదు. రాయి కావచ్చు, వాపు కావచ్చు. ఏదైనదీ తేల్చుకోవడమే అవసరం. నొప్పి లేదు కదా అని, ఒకసారే వచ్చింది కదా అని, క్రియాటినిన్ బాగానే వున్నది కదా అని ఎవరూ ఊరుకోరాదు.