బొమ్మరైళ్లవారి ఇష్టాగోష్ఠి

నలుగురు స్త్రీలు నూతికడ నిలిచి మాటలాడినచో లోకము దానిని ఊసుపోని కబుర్లనును. నలుగురు పురుషులు వీధియరుగుపై చేరినచో నదియే గోష్ఠి యగును. ఈ పక్షపాతమును గూర్చి మేము క్రొత్తగా చెప్పవలసినదేమియు లేదు. మన సోదరీమణు లందఱు నెఱిగినదే. ఈ మాసము మేము వ్రాయబోవునది పురుషుల కబుర్లను గూర్చియే. అయినను అవి రాజకీయములు కావు, వ్యాజ్యములు కావు. జానెడు పొడవుగల యింజను, బొటనవ్రేలి వెడల్పుగల రైలుదారి, అగ్గిపెట్టెలంతలేసి యిండ్లు, వీనిని గూర్చి అమెరికాలోను ఇంగ్లండులోను తల నెరసిన పెద్దలు కాఫీగిన్నెలు ముందిడుకొని ప్రతిదినమును ముచ్చటించుకొనుచుందురు. విన్నంతనే నవ్వు వచ్చును. నవ్విన పిమ్మట కొంచెము వినుడు.

ఈ వేడుకను అమెరికావారు మోడల్ రైల్‌రోడ్ అందురు, ఆంగ్లేయులు మోడల్ రైల్వే అందురు. పిల్లవాడు తాళపుచెవి త్రిప్పి వదలిన బొమ్మరైలు గుండ్రముగా తిరుగును, అంతతో సరి. పెద్దల రైలు అట్లు కాదు. అది యొకానొక ఊరినుండి మఱియొక ఊరికి పోవలెను. దానిలో నొక సరకుండవలెను. ఆ సరకు కొఱకు ఎవరో యెదురుచూచుచుండవలెను. కొలతలలోను అంత పట్టుదలయే. మిక్కిలి వాడుకలోనున్న ‘హెచ్.ఓ.’ అను కొలతలో నిజమైన బండిలోని 87 అడుగులు ఇచట నొక్క అడుగగును. పట్టాల నడుమ 16.5 మిల్లీమీటర్లు. ‘ఎన్’ అను కొలత యింకను చిన్నది; 160 అడుగులకు ఒక అడుగు. మన దేశపు పెద్దలైను పట్టాల నడుమ దూరము 1676 మిల్లీమీటర్లు గావున 87వ వంతు చేసినచో 19 మిల్లీమీటర్లకు పైబడును. అనగా మన విశాఖపట్టణపు బండిని హెచ్.ఓ.లో మలచువాడు పట్టాలు తానే చేసికొనవలెను, లేదా అంగడి పట్టాలపై నిలిపి, తక్కువపడిన యా మూడు మిల్లీమీటర్లు తనకు కానరానట్లు నటింపవలెను. ఈ రెండవదారి త్రొక్కువారే హెచ్చని మా యూహ.

బొమ్మలకొలువు తీర్చిన చేతులకు ఈ పని యంతయు పరిచితమే. మనము ఇసుకలో ఆవాలు చల్లి పైరు మొలిపింతుము, అద్దపుముక్క నుంచి చెఱువందుము, దానిగట్టున మట్టి కొంగను నిలుపుదుము. వారును అంతియే. వాడి యెండబెట్టిన తేయాకుపొడి వారికి చెట్టుక్రింద రాలిన యాకులు. వార్తాపత్రికలను ఉండలుగా నలిపి పేర్చి, సున్నపుముద్దలో తడిపిన గుడ్డ పైన కప్పినచో నదే పర్వతము. చెఱువునకు మాత్రము అద్దము చాలదని, పలుచని బంకవంటి రసాయనద్రవము పోసి గట్టిపడనిత్తురు. ఎండిన పిమ్మట అది నిజమైన నీరువలె లోతుగా కనబడును. చూడవచ్చినవారు వ్రేలితో తాకి చూడక మానరట. మయసభలో దుర్యోధనుని పాట్లు వీరికి కొంత తప్పినవి; చెఱువు అరచేతికంటె పెద్దది కాదు గదా. మన దేశమున ఇట్టిది చూడగోరువారు పూనాకు పోవునపుడు అచట కొత్రూడ్ ప్రాంతమున 1998లో తెఱవబడిన జోషీగారి చిన్నరైళ్ల ప్రదర్శనశాలను కనుగొనవచ్చును.

ఇక మాటల సంగతి. వారి గోష్ఠి యొక్క తీరు చిత్రముగా నుండును. మొదట కుశలప్రశ్న. ఆ పైని మోకాలినొప్పి, మంచు కురిసినదా లేదా, భార్యకు కంటివైద్యము జరిగినదా, మనుమరాలు నడచుచున్నదా. అటుపిమ్మట “నిన్న రాత్రి ఏమి చేసితివి?” అని యొకడడుగును. అప్పుడు వచ్చును అసలు విషయము. ఒకని బండి మలుపుకడ ప్రతిసారియు పట్టా తప్పుచున్నది. ఒకడు చక్రముల నడుమ దూరము కొలువుమనును, ఒకడు పట్టాల అతుకును గోటితో తడవి చూడుమనును, మూడవవాడు పెట్టె తేలికైనదేమో, లోపల కొంత సీసమునుంచి చూడుమనును. మూడును సరియైన సలహాలే. వారినందఱిని బాధించు శత్రువు మాత్రమొక్కటే. అది పట్టాలపై చేరు మురికి. ఇంజనునకు విద్యుచ్ఛక్తి పట్టాలనుండియే చక్రముల ద్వారా అందును గావున సన్నని నల్లనిపొర చాలును బండి కదలక నిలుచుటకు. దీనిని తుడుచు విధమును గూర్చి వారు దశాబ్దములుగా వాదించుకొనుచునేయున్నారు. శౌనకాదులు నైమిశారణ్యమున పండ్రెండేండ్ల సత్రము చేసి కథలు వినిరని చదివినాము. ఈ మురికి కథకు పండ్రెండేండ్లును చాలలేదు!

ఈ కబుర్లలో విద్య దాగియున్నదని మా నమ్మకము. ఒక్క యుదాహరణము చెప్పెదము. పట్టాల నడుమ సన్నని కంకర చల్లి, తెల్లని కఱ్ఱజిగురును నీటిలో కలిపి చుక్కచుక్కగా వదలుదురు. క్రొత్తవాడు వదలినచో ఆ చుక్క ముత్యమువలె గుండ్రమై కంకరపై దొర్లును, రాళ్లను తేలగొట్టును, పని యంతయు పాడగును. అప్పుడొక పెద్దాయన, గిన్నెలు కడుగు సబ్బుద్రవము ఒక్క చుక్క నీటిలో వేసి, ముందుగా కంకరపై మంచువలె చల్లుమనును. సబ్బు నీటి ముడిని సడలించును; జిగురు అడుగువరకు దిగిపోవును. ఏ వంటింటిలోనైన నెఱిగిన రహస్యమే యిది. జిడ్డుగిన్నెపై వట్టినీరు నిలువదనియు, సబ్బునీరు పఱచుకొనుననియు మనకెవ్వరు చెప్పిరి? ప్రక్కనున్న పెద్దవారు చెప్పిరి. ఇట్టి సంగతులు పుస్తకములలో లేకపోలేదు, కాని పుస్తకము మన చేతివైపు చూచి “అంత కాదమ్మా, ఒక్క చుక్క” అని చెప్పదు.

గోష్ఠిలో కలహములు లేకపోలేదు. నిజమైన యింజనుపై రివెట్లెన్ని యున్నవో లెక్కించి, బొమ్మలో నొక్కటి తక్కువైనను సహింపనివారు కొందఱు కలరు. వీరిని తక్కినవారు “రివెట్లు లెక్కించువారు” అని ఎగతాళి చేయుదురు. వారి శ్రద్ధను మేము నిందింపము. పాఠమును తప్పక చదువువారిని నిందింపనట్లే. అయినను క్రొత్తగా వచ్చినవాడు తన తొలి బండిని సిగ్గుపడుచు చూపినపుడు రివెట్ల లెక్క తీయుట సంస్కారము కాదు. మంచి గోష్ఠులలో నొక మర్యాద పాటింతురు. ఎవని రైలుమార్గము వానిది. అందు వాని యిష్టమే చట్టము. అడిగినచో సలహా, అడుగనిచో అభినందనము. క్రొత్తకోడలి తొలివంటకు మన యిండ్లలోను ఈ మర్యాద యుండిన నెంత బాగుగ నుండెడిదో!

ఇట్టి గోష్ఠులు నేటివి కావు. లండను నగరమున మోడల్ రైల్వే క్లబ్బు 1910లో వెలసినది. కింగ్స్ క్రాస్ స్టేషనునకు చేరువనున్న కీన్ హౌస్ వారి నివాసము. ఆ స్టేషనునకు ఉత్తరమున నుండిన పూర్వపు రైలుమార్గములను, ఇండ్లను ‘కోపెన్‌హేగన్ ఫీల్డ్స్’ అను పేర, అడుగునకు రెండు మిల్లీమీటర్ల చొప్పున, ఆ క్లబ్బువారు దశాబ్దములు శ్రమించి నిర్మించిరి. అమెరికాలో 1935లో మిల్వాకీ నగరమున జాతీయసంఘ మేర్పడినది. అంతకుముందు ఒక వర్తకుని పెట్టె మఱియొక వర్తకుని పట్టాలపై సరిగా నడచునను నిశ్చయము లేకుండెను. చక్రపు టంచెంత, పట్టాల నడుమ నెంత యని యందఱును కూర్చుండి ఒప్పుకొనుటచేతనే నేడు ఒకని బండి మఱొకని యింట నడచుచున్నది. నలుగురు కూడి మాటలాడుకొననిచో ఆ కొలత కుదిరియుండెడిది కాదు.

బండి మఱొకని యింట నడచుట యనగా నేమి? వారానికొకనాడో మాసమునకొకనాడో మిత్రులందఱు ఒకని యింట చేరుదురు. ఒకడు కంట్రోలరు, ఎవరెప్పుడు బయలుదేరవలెనో చెప్పును. ఒక్కొక్కరు ఒక్కొక్క బండికి డ్రైవరులు. ప్రతి పెట్టెకును చిన్న చీటి కలదు. ఈ పెట్టెలో బొగ్గు, ఫలానా యూరి కార్ఖానాకు చేరవలెను అని యందు వ్రాసియుండును. గోడపైని గడియారము నాలుగింతలు వేగముగా నడచును. ఆరు గంటలలో ఒక పూర్తి దినము గడచిపోవును. ఇద్దఱు డ్రైవరులు ఒంటిలైనుపై ఎదురుపడిరా, ఇక నవ్వులే.

ఈ విధమైన యాటలో పేరొందిన వారిలో కాలిఫోర్నియాలోని మాంటెరీలో నివసించిన జాన్ ఆలెన్ ఒకడు. ఆయన తన మార్గమునకు పెట్టిన పేరును నోట పలికినచో ఆంగ్లమున “నెత్తురోడి ఓడినది” అను శ్లేషార్థము వచ్చును. పెట్టెలను లాగుటకు ఇంజనునకు బదులు వెన్నుపై పలకలుగల యొక ప్రాచీన రాక్షసబల్లి బొమ్మను కూడ ఆయన నియమించెను. దాని పేరు ఎమ్మా. ఆలెన్ 1973 జనవరిలో మరణించెను. కొలది దినములకే అగ్నిప్రమాదమున ఆ మార్గము దాదాపు పూర్తిగా కాలిపోయెను. దశాబ్దముల పని బూడిదయైనది. అయినను ఆయన తీసిన ఛాయాచిత్రములు, అచట బండ్లు నడిపిన మిత్రుల జ్ఞాపకములు మిగిలి, నేటికిని ఆ వేడుకవారు ఆయనను తలచుకొనుచుందురు.

ఇంకొక సంగతి మన విద్యార్థినులకు వినోదకరముగా నుండును. మసాచుసెట్స్‌లోని ఎం.ఐ.టి. అను సాంకేతిక విద్యాలయమున విద్యార్థులు 1946లో రైలు క్లబ్బు నొకటి స్థాపించిరి. బల్లపైని కొండలు, చెట్లు తీర్చువారు కొందఱు; బల్లక్రింద దూరి, టెలిఫోను యంత్రభాగములతో సిగ్నళ్లు నడుపువారు కొందఱు. ఈ బల్లక్రిందివారు తమలో తాము మాటలాడుకొను భాష యెంత పెరిగెననగా, 1959లో పీటర్ శాంసన్ అను సభ్యుడు దానికొక నిఘంటువే వ్రాసెను. చమత్కారమైన పనిని ‘హ్యాక్’ అని వారు పిలిచిరి. కంప్యూటరు వచ్చినపుడు వారే దానిచెంత చేరిరి. ‘హ్యాకర్’ అను మాట వారితోపాటు లోకములోనికి నడచినది. దొంగయను అర్థము దానికి పిమ్మట అంటినది.

స్త్రీల మాట యెచట నని పాఠకురాండ్రు అడుగవచ్చును. ఈ గోష్ఠులలో స్త్రీలు నేటికిని తక్కువయే. అయినను చిన్నయింటివారి కష్టమును తీర్చినది ఒక స్త్రీ యనుట గమనింపదగినది. గదినిండ రైలుదారి పఱచుకొను భాగ్యము అందఱికి లేదు. లీ మొనాకో-ఫిట్జ్‌గెరాల్డ్ అను నామె జపానులోని చిన్నబల్లల పద్ధతిని చూచి, ‘టి-ట్రాక్’ అను విధానమును అమెరికాలో వ్యాప్తిచేసెను. పుస్తకమంత చెక్కపెట్టెపై రెండు వరుసల పట్టాలు. అంతియే ఒక్కొక్కరి వంతు. దానిని సంచిలో పెట్టుకొని పోయి, నలుగురి పెట్టెలతో భోజనపుబల్లపై చేర్చినచో పెద్దమార్గ మగును. తరువాత ఎవరిది వారు తీసికొని యింటికి పోవచ్చును. ఇంటి వైశాల్యము నెఱిగినవారికే ఇట్టి బుద్ధి పుట్టును.

ఆ గోష్ఠులలో తఱచు వినబడు పరిహాస మొకటి కలదు. “నేను పోయిన పిమ్మట నా యింజనులను, నేను చెప్పిన వెలకే నా భార్య అమ్మివేయునేమో యని భయము” అని. అనగా నూఱు పెట్టి కొన్నదానిని ఇరువదియని యింట చెప్పియుండుట. అందఱు నవ్వుదురు. మాకు మాత్రము నవ్వు పూర్తిగా రాలేదు. బియ్యము, పాలు, బడిజీతము పైసతో సహా భార్యచేత లెక్కవ్రాయించు పురుషుడు తన వేడుక లెక్కను దాచుట ఏ దేశమునను న్యాయము కాదు. భర్త పోయిన యింట ఒక గదినిండ పెట్టెలుండును. వానిలో నేది నూఱు రూపాయలదో, ఏది లక్షదో ఆమె యెఱుగదు. ఇంటికి వచ్చిన వర్తకుడు ఇంతయని చెప్పినదే వెల. ఆ కష్టకాలమున ఆమెకు తోడగువారు దినదినము ఆయనతో కాఫీ త్రాగిన యా మిత్రులే. మంచి క్లబ్బులలోనివారు వచ్చి, ఒక్కొక్కటి విప్పి, పేరు వ్రాసి, తగిన వెల కట్టి, కొనువారిని చూపుదురు. 2020లో మహమ్మారివలన క్లబ్బుగదులు మూతపడినపుడును, ఒంటరిగా నున్న వృద్ధులను ఉదయమున పలుకరించుట చాల గోష్ఠులవారు మానలేదు. ఒకనాడు పలుకనివాని యింటికి మఱునాడు ఫోను పోవును.

మన యిండ్లలో రైళ్లు లేకపోవచ్చును గాని తపాలాబిళ్లలు, పాతనాణెములు, గ్రామఫోను పలకలు, పుస్తకములు గలవారు లేకపోలేదు. మా యింట పుస్తకములే. వెల, కొన్న సంవత్సరము, ఎవరికి చూపినచో నిజము చెప్పుదురో ఆ మిత్రుని పేరు, ఈ మూడును ఒక చిన్న పుస్తకమున వ్రాయించుకొని బీరువా తాళపుచెవి యుండుచోటనే ఉంచుడు. వ్రాయుమని యడుగుటకు మంచిదినము వేఱుగా చూడనక్కఱలేదు. ఆయన క్రొత్తవస్తువును విప్పి ముచ్చటగా చూపుచున్న సాయంకాలమే అడుగుడు.