నొయ్యల్ నదికి వెల యెవరు చెల్లింతురు?

తమిళనాట కోయంబత్తూరునకు ప్రక్కనున్న తిరుప్పూరు పట్టణపు బనియను నేడు ప్రపంచమెల్ల తిరుగుచున్నది. 2024-25లో అచ్చటినుండి విదేశములకు పోయిన అల్లిక బట్టల వెల సుమారు 40,000 కోట్ల రూపాయలు. చేతిమరలతో ఆరంభమైన పని, కంప్యూటరు ఆజ్ఞకు లోబడి తిరుగు జర్మనీ, జపాను యంత్రములవఱకు వచ్చినది. ఇది మనవారి సాహసము. దీనిని మేము చిన్నబుచ్చము. కాని ఆధునికత యనగానే మరల సంఖ్యను మాత్రమే చెప్పి, మరల వెనుక పాఱు నీటి సంగతి దాటవేయువారి వాదమును సహింపజాలము.

పత్తినూలునకు రంగు పట్టవలెనన్న ఉప్పు కావలెను. తొట్టిలో వేసిన ఉప్పు బట్టతో పోదు, నీటితో పోవును. మామూలు శుద్ధివలన మురికి తగ్గవచ్చును గాని కరగిన ఉప్పు కదలదు. ఆ నీరు ఏండ్లకేండ్లు నొయ్యల్ నదిలో గలిసినది. సేద్యమునకై 1992లో ముగిసిన ఒరత్తుపాళయము ఆనకట్ట రంగునీటి మడుగయ్యెను. ఆ నీరు తమ పొలములకు వదలవద్దని రైతులే మొఱపెట్టుకొనిరి! ఆనకట్టక్రింది రైతు నీరు వలదని వేడుకొనుటకంటె విపరీతమేమి గలదు? 1930లో ఉప్పుకొఱకు లాఠీదెబ్బలు తిన్న దేశమిది. 1932లో జెండా విడువక కుమరన్ నేలకొరిగిన యూరు ఈ తిరుప్పూరే. ఆ యేటి నీటికే ఉప్పు శత్రువైనది.

కార్ఖానాదారులు తమంతట మేలుకొనలేదు. రైతులు న్యాయస్థానమెక్కవలసి వచ్చెను. చుక్క నీరైనను బయటికి వదలని యేర్పాటు జరుగువఱకు అద్దకపు కార్ఖానాలను మూయుడని 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు శాసించెను. 700లకు పైగా మూతపడినవి. పరిశ్రమ చచ్చునని గగ్గోలు పుట్టెను. చచ్చినదా? ప్రభుత్వము వడ్డీలేని ఋణమిచ్చెను. నీటిని సన్నని పొరలగుండ నెట్టి, మిగిలిన ఉప్పునీటిని కాచి యింకించి, ఆ ఉప్పునే మరల తొట్టిలో వేయు పద్ధతి నెలకొన్నది. ఎగుమతులు పెరిగినవే కాని తరుగలేదు. కనుక అసాధ్యమన్నమాట అబద్ధము. ఖర్చెక్కువ యన్నమాట నిజము.

ఆ ఖర్చు ఎవరిది? బంగ్లాదేశము చవుకగా నిచ్చుచున్నదని విదేశపు బేరగాడు పైసలకు పట్టుపట్టును. ఇచ్చటివాడు తలయూపి, ఆ పైసలను కూలివాని చేతినుండియో, ఏటినుండియో రాబట్ట జూచును. 2025 ఆగస్టులో అమెరికా సుంకము 50 శాతమైనప్పుడు పరిశ్రమవారు ప్రభుత్వమును సాయమడిగిరి, తప్పుగాదు. సుంకమునుగూర్చి ఢిల్లీలో నోరు విప్పగలవారు, నీటిశుద్ధి వెలను బిల్లులో వ్రాసి కొనువాని యెదుట నుంచుటకేల జంకవలెను? దుకాణదారులందఱు ఒక్కమాటపై నిలిచిన బేరగాడు ఎచ్చటికి పోవును?

ఈ ప్రశ్న తెలుగునాటికి దూరపుది కాదు. 2017లో శంకుస్థాపన జరిగిన వరంగల్లు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు మన యువకులకు పని చూపవలసినదే, మేము స్వాగతింతుము. కాని రంగుతొట్టి పెట్టు ప్రతి కార్ఖానాలోను, తొట్టికి నీరెత్తకముందే ఉప్పుదీయు యంత్రము నిలువవలెను. ఎంత నీరు తెచ్చిరి, ఎంత తిరిగి వాడిరి, ఎంత ఉప్పు మిగిలినది అను లెక్కను నెలనెల ప్రక్కగ్రామముల పంచాయతీ గోడలపై తెలుగులో వ్రాయింపవలెను. ఈ షరతును అనుమతి పత్రములోనే చేర్పుడని ప్రభుత్వమువారిని అడుగుచున్నాము.