పంటి బిగువున ఇంకెన్నాళ్లు?



హాస్టల్ వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థులు కూడా రాయాలని వార్డెన్ సార్ కబురు పెట్టినప్పుడు చదువు గురించో, స్నేహం గురించో రాద్దామనుకున్నాను. ఆ ఆలోచనతోనే పోయిన నెల ఒక శనివారం హాస్టల్‌కు వచ్చి రాత్రికి ఇక్కడే పడుకున్నాను. అర్ధరాత్రి మెలకువ వస్తే ఏడో తరగతి తమ్ముడొకడు దవడకు తువ్వాలు కట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "ఏమైందిరా?" అంటే "పన్ను సలుపుతుందన్నా" అన్నాడు. "సార్‌కు చెప్పినవా?" అంటే "ఎందుకన్నా, పొద్దటికి తగ్గుతది" అన్నాడు.

పదేళ్ల క్రితం అదే గదిలో, అదే గోడకు ఆనుకుని నేనూ అలాగే కూర్చున్నాను. అందుకే ఈసారి పంటి గురించే రాస్తున్నాను. దయచేసి నవ్వకండి.

అప్పుడు నేనూ ఏడో తరగతే. కింది దవడ పన్ను పుచ్చింది. వంట చేసే అక్క లవంగం ఇచ్చింది. కామాటి అన్న ఉప్పు నీళ్లు పుక్కిలించమన్నాడు. నాలుగు రాత్రులు అలా గడిచాయి. అయిదో రోజు చెంప వాచాక ఇంటికి ఫోన్ చేశారు. మా నాయిన కూలి మానుకుని, రెండు బస్సులు మారి వచ్చాడు. టౌనులో ఆసుపత్రికి పోతే ఆ రోజు పంటి డాక్టరు లేరు, మంగళవారం రమ్మన్నారు. మంగళవారం మళ్లీ కూలి పోయింది, మళ్లీ బస్సు చార్జీలు అయ్యాయి. పన్ను నిలబెట్టాలంటే బయట చేయించుకోవాలన్నారు. బయట అడిగితే చెప్పిన డబ్బు మా నాయినకు ఇరవై రోజుల కూలి. "పన్నే గదా బిడ్డా, పీకిస్తే పోతది" అన్నాడు. పీకించాం. నొప్పి పోయింది, పన్నూ పోయింది. ఈ రోజుకీ నేను ఒక పక్కనే నములుతాను.

ఆ పన్ను పాలపన్ను కాదని తర్వాత తెలిసింది. మనకు ఆరో ఏట పాలపళ్ల వెనకాల కొత్తగా ఒక దవడ పన్ను వస్తుంది. దాని కోసం ఏ పాలపన్నూ ఊడదు. అందుకని ఇళ్లలో దాన్ని కూడా పాలపన్నే అనుకుంటారు. 'ఊడిపోయేదే కదా, మళ్లీ వస్తుంది' అని వదిలేస్తారు. అది మళ్లీ రాదు. జీవితాంతం అన్నం నమలాల్సిన పన్ను అది!

పిల్లలను పంటి డాక్టరు దగ్గరికి ఎందుకు తీసుకుపోరని అడిగితే పెద్దలు చెప్పే జవాబు ఒకటే. "పల్లెటూరి వాళ్లకు అవగాహన లేదు" అంటారు. అది కొంత నిజమే. పంట్లో పురుగు ఉందనీ, పన్ను పీకితే కళ్లు పోతాయనీ నమ్మేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. కానీ మా నాయినకు అవగాహన లేకనా నా పన్ను పోయింది? ఆయన రెండుసార్లు వచ్చాడు. పోయింది రెండు రోజుల కూలి. లేనిది పన్ను బాగు చేసే చోటు. మన మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పంటి డాక్టరు పోస్టే ఉండదు. అది సామాజిక ఆరోగ్య కేంద్రం, ఏరియా ఆసుపత్రి స్థాయిలో మొదలవుతుంది. దేశంలో 300కు పైగా డెంటల్ కాలేజీలున్నాయి. వాటిలో చదివి బయటికి వచ్చిన డాక్టర్లలో ఎక్కువ మంది పట్టణాల్లోనే బోర్డు పెడతారు. పిల్లలకు పంటి డాక్టరంటే భయమని కూడా అంటారు. మనం పోయేది చెంప వాచాకే కాబట్టి పీకడమే చూస్తాం. పీకడమే చూసినవాడికి భయం కాక ఏముంటుంది?

ప్రభుత్వం ఏమీ చేయలేదని నేను అనను. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం ఏడాదికోసారి బడికి వచ్చి పిల్లలను పరీక్షించాలి. వాళ్లు చూడాల్సిన జబ్బుల జాబితాలో పుచ్చిపళ్లు కూడా ఉన్నాయి. నన్నూ చూశారు. నోరు తెరవమని, టార్చి వేసి, పెద్దాసుపత్రికి పొమ్మని చీటీ రాసిచ్చారు. ఆ చీటీ నా ట్రంకు పెట్టెలో మూడు నెలలు ఉంది. అమ్మానాన్నలు అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. వార్డెన్ సార్ ఒక్కరు, పిల్లలు వంద మంది. చీటీ రాసేవాళ్లున్నారు, చీటీ పట్టుకుని పిల్లవాడి వెంట నడిచేవాళ్లు లేరు. అసలు సమస్య ఇక్కడే ఉందని నా అభిప్రాయం. బాలికల హాస్టళ్లలో ఇది ఇంకా కష్టం. అమ్మాయి వెంట ఆడమనిషే పోవాలి, ఆమె పోతే హాస్టల్‌లో పని ఆగుతుంది.

మన నల్లగొండ జిల్లాలో ఇంకో చిక్కు కూడా ఉంది. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు ఫ్లోరైడ్ గురించి మీకు నేను చెప్పనవసరం లేదు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉంటే, చిన్నతనంలో తయారయ్యే పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు పడతాయి. 2016లో మొదలైన మిషన్ భగీరథ ద్వారా నది నీళ్లు వచ్చాయి, సంతోషం. కానీ అంతకుముందే మచ్చలు పడ్డ పళ్లు వాటంతటవి తెల్లబడవు. మా చెల్లెలు ఇప్పటికీ నవ్వితే చున్నీ అడ్డం పెట్టుకుంటుంది. మన ప్రాంతంలో ఏ పన్ను పాడైనా "మన నీళ్లంతే" అనేస్తారు. మచ్చ వేరు, పుచ్చు వేరు. పుచ్చును తొలి రోజుల్లోనే ఆపవచ్చు. దాన్ని కూడా తలరాత ఖాతాలో వేసి ఊరుకుంటున్నాం.

మన తప్పు కూడా ఒప్పుకోవాలి. కాస్మెటిక్ చార్జీలు చేతికొస్తే ముందు పౌడరు, తలనూనె కొంటాం. పేస్టు అయిపోతే పక్కవాడిని అడుగుతాం, బ్రష్షు విరిగేదాకా మార్చం. రాత్రి పూట బ్రష్ చేసేవాళ్లు గదికి ఇద్దరుంటే గొప్ప. ఆదివారం వచ్చే అమ్మ ప్రేమతో క్రీము బిస్కెట్లు, మిఠాయి తెస్తుంది. వద్దనమని నేను చెప్పను. ఆ ప్రేమ వారానికోసారే దొరుకుతుంది. తిన్నాక నోరు పుక్కిలించమని మాత్రం చెబుతాను.

ఈ బాధ మన ఒక్క హాస్టల్‌ది కాదు. ప్రపంచంలో 51 కోట్లకు పైగా పిల్లలకు పాలపళ్లు పుచ్చి ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. దీనికి పెద్ద యంత్రాలే కావాలని కూడా లేదు. కరెంటు, డ్రిల్లు లేకుండా చేతి పనిముట్లతో పుచ్చును గీకి సిమెంటు నింపే పద్ధతి 1980లలోనే ఆఫ్రికాలోని టాంజానియాలో మొదలైంది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ప్రోత్సహించింది. ఆ సిమెంటును 2021లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. అంటే చిన్న పుచ్చయితే మన స్టడీ హాలులో, మన బెంచీ మీదే బాగు చేయవచ్చు!

అందుకని ఈ సంచిక ద్వారా అధికారులను, పెద్దలను వినయంగా కోరేది మూడే కోరికలు. ఒకటి, ఏడాదికి రెండుసార్లు పంటి డాక్టరు హాస్టల్‌కే రావాలి, చూసి పోవడం కాదు, అక్కడే సిమెంటు నింపి పోవాలి. డెంటల్ కాలేజీల్లో హౌస్ సర్జన్లున్నారు, వాళ్లను పంపవచ్చు. రెండు, పెద్దాసుపత్రికి చీటీ రాస్తే పిల్లవాడిని తీసుకుపోయే మనిషినీ, బస్సు చార్జీలనూ హాస్టలే చూసుకోవాలి. కూలి పోగొట్టుకుని తండ్రి రావాల్సిన అవసరం ఉండకూడదు. మూడు, ఆసుపత్రిలో పిల్లలకు పీకడమే కాక నిలబెట్టే వైద్యం కూడా దొరకాలి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! కష్టాన్ని పంటి బిగువున భరించడం మనకు పుట్టుకతోనే నేర్పారు. ఆకలిని భరించాం, చలిని భరించాం. కానీ పంటి నొప్పిని భరిస్తే మిగిలేది ధైర్యం కాదు, ఖాళీ దవడ. నొప్పి మొదలైన రోజే సార్‌కు చెప్పండి. పక్కవాడు చెప్పకపోతే మీరు చెప్పండి.

ఆ రాత్రి తువ్వాలు కట్టుకున్న తమ్ముణ్ణి సోమవారం నేనే ఆసుపత్రికి తీసుకుపోయాను. నాకు కాలేజీ ఒక రోజు పోయింది. వాడి పన్ను మిగిలింది.