బ్యాటు లాక్కున్నాము, ఫోను మిగిలింది

గత నెల ఒక సాయంత్రం అస్ర్ నమాజు తరువాత మద్రసా వరండాలో కూర్చొని ఉండగా, అమలాపురం సమీప గ్రామం నుండి ఒక తల్లి వచ్చింది. ఆమె వెనుక తల వంచుకొని పదిహేనేళ్ల కుమారుడు నిలబడి ఉన్నాడు.

"హజ్రత్! వీళ్లక్క కాలేజీ ఫీజు కోసం వీడి నాన్న కువైట్ నుంచి పంపిన 18 వేలూ మూడు వారాల్లో ఫోనులో క్రికెట్ పందాలకు పోగొట్టాడు. ఆయనకు నేనేం చెప్పను?" అంటూ కన్నీరు పెట్టుకున్నది.

ఏ ఆటగాడు ఎన్ని పరుగులు చేశాడో, ఏ బౌలరు ఎన్ని వికెట్లు తీశాడో ఆ బాలునికి కంఠతా వచ్చు. "నీవు చివరిసారిగా క్రికెట్ ఎప్పుడు ఆడావు బాబూ?" అని అడిగాము. కొంతసేపు మౌనంగా ఉండి, "మీరు బ్యాటు తీసుకున్న తరువాత ఆడలేదు హజ్రత్" అన్నాడు.

అప్పుడు మాకు గుర్తుకు వచ్చింది. రెండేళ్ల క్రితం ఆ బాలుడు మా వద్దనే చదివేవాడు. ఒకనాడు మగ్రిబ్ నమాజుకు ఆలస్యంగా వచ్చాడని, కొబ్బరి మట్టతో చెక్కుకున్న అతని బ్యాటును లాక్కొని బీరువా మీద పడవేశాము. ఆటలు సోమరుల పని అని నలుగురిలో మందలించాము కూడా. నమాజు విషయంలో మా మాట సరైనదే. కాని ఆట విషయంలో మేము చెప్పినది ధర్మం చెప్పినది కాదు.

దైవప్రవక్త (స) జీవితాన్ని పరిశీలించండి. ఒక ప్రయాణంలో ఆయన హజ్రత్ ఆయిషా (ర.అన్హా)తో పరుగు పందెం వేశారు, ఆమె గెలిచారు. కొంతకాలానికి మళ్లీ పరుగెత్తినప్పుడు ఆయన గెలిచి, ఆనాటి దానికి ఇది బదులని పరిహాసమాడారు. పండుగనాడు హబషీలు మస్జిదులో ఈటెలతో విన్యాసాలు చేస్తుంటే, హజ్రత్ ఆయిషా (ర.అన్హా) తనివితీరా చూచేవరకు ఆమెకు చాటుగా నిలబడ్డారు. బలహీనుడైన విశ్వాసికంటే బలవంతుడైన విశ్వాసి అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమైనవాడని కూడా బోధించారు. కనుక ఆడటమూ దోషం కాదు, చూడటమూ దోషం కాదు. అయితే ఆ పండుగనాటి చూపుకు ఒక ముగింపు ఉన్నది. తనివి తీరగానే మరలారు.

నేటి చూపుకు ముగింపు లేదు. 2022 నుండి 2025 వరకు ఐపీఎల్ ఒక్కొక్క సీజనుకు 74 మ్యాచులు. ఒక్కొక్కటి మూడున్నర గంటలనుకున్నా సుమారు 260 గంటలు. రాత్రి ఏడున్నరకు మొదలైన ఆట పదకొండు దాటితేగాని ముగియదు. ఇషా తొందరలో పోతుంది, ఫజ్ర్ నిద్రలో పోతుంది. ఆట ముగిసినా విశ్లేషణలు, జోస్యాలు, ప్రకటనలు ముగియవు. ఆడవలసిన బిడ్డ మొదట ప్రేక్షకుడవుతాడు. ఇంత తెలిసినవాడివి, నీవే ఒక జట్టును ఎంచుకొని డబ్బు గెలవరాదా అని ఫోను ఊరిస్తుంది. అక్కడితో ప్రేక్షకుడు జూదరి అవుతాడు.

జూదాన్ని దివ్యఖుర్ఆన్ అల్ మాయిదా సూరాలో మద్యంతోపాటు షైతాను చేష్టగా పేర్కొని, దానికి దూరంగా ఉండమని ఆదేశించింది. అది మనుషుల మధ్య శత్రుత్వాన్ని రేపుతుందని, నమాజు నుండి మరలిస్తుందని కారణమూ తెలిపింది. చట్టం కూడా మేలుకొన్నది. 2020లో మన రాష్ట్రం 1974 నాటి జూద నిరోధక చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అటువంటి చట్టమే చేసింది. అయినా ఆ బాలునికి ఏదో దొడ్డిదారి దొరికింది. చట్టం ఒక వాకిలి మూయగలదు. ఖాళీగా ఉన్న సాయంత్రాన్ని నింపవలసినది మాత్రం తల్లిదండ్రులు, గురువులే.

మన అమలాపురం బిడ్డ సాత్విక్ సాయిరాజ్‌నే చూడండి. తండ్రి వ్యాయామోపాధ్యాయుడు. 2022లో థామస్ కప్ గెలిచిన భారత జట్టులో అతడున్నాడు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి మన దేశానికి బ్యాడ్మింటన్‌లో తొలి స్వర్ణం తెచ్చాడు. గంటకు 565 కిలోమీటర్ల వేగంతో అతడు కొట్టిన స్మాష్ గిన్నిస్ రికార్డుకెక్కింది. తెర మనకు ఆ ఒక్క దెబ్బను పదేపదే చూపుతుంది. దాని వెనుక ఉన్న ఏళ్ల సాధనను చూపదు. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ బాక్సింగ్ విజేత అయినప్పుడూ మనకు కనబడినది పతకమే. ప్రతి బిడ్డా విజేత కావాలని మేము అనడం లేదు. చెమట పట్టేలా ఆడిన బిడ్డకు గెలుపు ఎంత కష్టమో తెలుస్తుంది. కూర్చున్నచోట సులభంగా డబ్బు వస్తుందన్న మాటను అతడు అంత త్వరగా నమ్మడు.

ఈ విషయంలో మా వృత్తివారే ఒకరు మాకు ఆదర్శం కావలసినది. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం పాఠశాల ఉపాధ్యాయులు. ఆయన శిక్షణలోనే భారత ఫుట్‌బాల్ జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది. పాఠం చెప్పే చేతులే ఆటను కూడా తీర్చిదిద్దగలవని ఆయన చూపారు. మా చేతులు బ్యాటు లాక్కున్నాయి.

ఆ తల్లితో ఇలా చెప్పాము: "అమ్మా! మీ వారికి నిజం దాచకండి. మీరు చెప్పడం కాదు, అబ్బాయి చేతనే ఫోనులో చెప్పించండి. సెలవుల్లో పని చేసి కొద్దికొద్దిగానైనా అక్క సొమ్ము తీర్చనివ్వండి. తౌబాలో హక్కుదారుని హక్కు తిరిగి ఇవ్వడం కూడా ఒక భాగం." తరువాత బీరువా మీది నుండి బ్యాటు దించి, దుమ్ము తుడిచి అతని చేతికిచ్చాము. నలుగురిలో మందలించినందుకు క్షమించమనీ అడిగాము. అతడు ఏమీ అనలేదు. బ్యాటును రెండు చేతులా పట్టుకొని నిలబడ్డాడు.

ఇప్పుడు మా మద్రసాలో అస్ర్ నుండి మగ్రిబ్‌కు పావుగంట ముందు వరకు ఆట సమయం. అజాన్‌కు ముందే వుజూ చేసుకోవాలన్నది నియమం. సోదర సోదరీమణులారా! మీ ఇళ్లలోనూ రోజుకొక గంట ఆటకు కేటాయించండి. ఆడపిల్లలను మరువకండి, పెరట్లో ఒక తాడు కట్టి, రెండు షటిల్ బ్యాట్లు ఇస్తే చాలు. తండ్రులు కూడా పిల్లలతో ఆడండి, అప్పుడప్పుడు ఓడండి. అంతఃపురాల కథలు వెదకనక్కరలేదు. మన ప్రవక్త (స) ఇంటి ముచ్చటే మనకు చాలు.

ఆరోగ్యం, తీరిక అనే రెండు వరాల విషయంలో అనేకులు నష్టపోతారని హదీసు హెచ్చరిస్తున్నది. ఆ రెండింటినీ మన పిల్లలు సద్వినియోగం చేసుకొనే భాగ్యాన్ని, వారి పట్ల మేము చేసిన పొరపాట్లను దిద్దుకొనే వినయాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.