పాండాబొమ్మయు పులిగోరును

నగ కావలెనను కోరికతోపాటు, ఆ నగపై ఏ రూపముండవలెనను విచారమును స్త్రీలకు సహజమే. మన పెద్దలు హంసను, చిలుకను, నెమలిని, మామిడిపిందెను కోరుకొనిరి. ఇప్పటి బాలికలు వేరొక జంతువును కోరుచున్నారు. నలుపు తెలుపుల మేనితో, కన్నులచుట్టు కాటుక దిద్దినట్లున్న వలయములతో, వెదురుకొమ్మను పట్టుకొని కూర్చుండు పాండాబొమ్మ నేడు చెవికమ్మలపైనను, ఉంగరములపైనను, జడపిన్నులపైనను, చేతిసంచులపైనను కానవచ్చుచున్నది. “ఈ పరదేశపు ఎలుగుబంటికి మన పిల్లల చెవులతో నేమి పని?” యని అత్తగార్లు అడుగుటయు వినుచున్నాము. సోదరీమణులారా, ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుచు, మన యిండ్లలోనే యున్న మఱియొక నగనుగూర్చి ఈ మాసమున ముచ్చటింపదలచితిమి.

పాండా చైనాదేశమునందలి సిచువాన్, షాన్సీ, గాన్సూ రాష్ట్రముల కొండయడవులలో మాత్రమే స్వేచ్ఛగా నివసించును. ఎలుగుబంటి జాతిలోనిదే యైనను దాని యాహారము దాదాపు పూర్తిగా వెదురే. వెదురులో సారము తక్కువ గావున దినములో అధికభాగము తినుచునే యుండవలెను. వెదురును పట్టుకొనుటకై దాని మణికట్టులోని యెముక యొకటి పెరిగి ఆరవ వ్రేలివలె పని చేయును. 1961లో వన్యప్రాణుల రక్షణకై ఏర్పడిన ప్రపంచ వన్యప్రాణి నిధివారు, లండను జంతుప్రదర్శనశాలలోని చీచీ యను పాండా రూపమునే తమ చిహ్నముగా గ్రహించిరి. నలుపు తెలుపులతోనే తేటగా అచ్చగునుగదా, రంగుల వ్యయమును లేదు! 1982 మొదలు చైనావారు పాండారూపముగల బంగారునాణెములను ముద్రించుచున్నారు. 2022లో బీజింగు నగరమున జరిగిన శీతకాలపు ఒలింపిక్ క్రీడలకు మంచుకవచము తొడిగిన పాండాబొమ్మయే చిహ్నమయ్యెను. మన అంగళ్లలోని కమ్మలును ఆ ముచ్చటకు కొనసాగింపే.

ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. పూర్వము పాండాను చర్మముకొఱకు వేటాడినవారును ఉండిరి. ఆ వేటను మాన్పించి, వెదురడవులను కాపాడిన పిమ్మట దాని సంతతి కొంత నిలదొక్కుకొనెను. 2015లో ప్రకటించిన గణనయందు అడవులలోని పాండాలు 1,864 అని తేలెను. మఱుసటి యేడు, అనగా 2016లో, అంతర్జాతీయ ప్రకృతిరక్షణసంఘమువారు దానిని అంతరించుచున్న జంతువుల వరుసనుండి తప్పించి, అంతకంటె కొంచెము తక్కువ ప్రమాదముగల వరుసలో నుంచిరి. నేడు లోకులు పాండాను ధరించుచున్నారనగా దాని బొమ్మను మాత్రమే ధరించుచున్నారు. దాని మేనిలోని వెండ్రుకయైనను ఎవరి నగలోను లేదు.

మన నగలమాట యేమి? బిడ్డ పుట్టిన యింట పులిగోరు తెచ్చి, బంగారుతొడుగు వేయించి మెడలో కట్టుట మన ప్రాంతమున పెద్దకాలమునుండి వచ్చుచున్న ఆచారము. దిష్టి తగులదనియు, బిడ్డకు పులివంటి ధైర్యము కలుగుననియు నమ్మిక. పులులు విస్తారముగా నుండిన దినములలో ఆ యాచార మేర్పడినది. ఆ పులి యెచ్చటిదో కాదు, మన నల్లమలలోనిదే. నేడు నాగర్‌కర్నూలు, నల్లగొండ జిల్లాలలో 2,611 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించియున్న అమ్రాబాదు పులుల అభయారణ్యము ఆ పులుల నివాసము. చెంచులు ఆ యడవిలో తరతరములుగా పులితో ఇరుగుపొరుగుగా బ్రదుకుచున్నారు. ఒక పులికి గోళ్లు పదునెనిమిది. ఆ గోరు పులి బ్రదికియుండగా ఊడి మన చేతికి రాదు. ఒక పసివాని మెడలోని ముచ్చటకు ఒక ప్రాణము పోవలెను.

1972 నాటి వన్యప్రాణి రక్షణచట్టము పులిని మొదటి పట్టికలో చేర్చినది. పులిని చంపుటయేగాక, దాని గోరును, చర్మమును, దంతమును అమ్ముటయు, కొనుటయు, ప్రభుత్వ ధ్రువపత్రము లేక యింట నుంచుకొనుటయు నేరమే. శిక్ష మూడేండ్లకు తక్కువ గాకుండ ఏడేండ్లవఱకు చెరసాల. 2023 అక్టోబరులో బెంగుళూరున ఒక వినోదకార్యక్రమములో పాల్గొనుచున్నవాని మెడలో పులిగోరు పతకము కనబడగా అటవీశాఖవారు అతనిని నిర్బంధించిరి. “మా తాతగారినాటిది, మే మెవ్వరినిని చంపలేదు” అనుట చట్టమునకు సమాధానము గాదు. అట్టి గోరు పెట్టెలో నున్నవారు దానిని రహస్యముగా అమ్మివేయుటకుగాని, ఆడబిడ్డ కిచ్చి పంపుటకుగాని తలపక, తెలిసిన న్యాయవాదిని సంప్రదించి అటవీశాఖవారికి తెలుపుట మేలు. సంతలలో చాటుగా అమ్మునది చాలవఱకు పశువుల గిట్టలతోను కొమ్ములతోను చెక్కిన కపటపు గోరే. అందువలన కొన్నవారికి ధనమును పోవును, భయమును మిగులును.

“మఱి ధైర్యమెట్లు వచ్చును?” అందురా? శ్రీనాథుని శృంగారనైషధమును చదివిన సోదరీమణులకు నలుని కథ తెలిసినదే. ఉద్యానమున నిదురించుచున్న బంగారుఱెక్కల హంసను నలుడు పట్టుకొనెను. అది తన వృద్ధమాతను, ఆలిని, పసికూనలను తలచి దుఃఖింపగా జాలిగొని విడిచిపెట్టెను. విడువబడిన ఆ హంసయే దమయంతికడకు పోయి దౌత్యము నడపి ఆమెను అతనికి సమకూర్చెను. ఱెక్కలనే పెరికికొనియుండినచో అతని కేమి దక్కెడిది? బిడ్డకు ధైర్యము కలుగవలెనన్నచో పులికథ చెప్పుదము. దాని బొమ్మను వెండిలోనో బంగారములోనో చేయించి మెడలో వేయుదము.

ఇక రూపములకు మనకు లోటు లేదు. పూర్వపు నల్లగొండ జిల్లాలోని పోచంపల్లి, పుట్టపాక గ్రామముల నేతగాండ్రు చిటికిపనిలో ఏనుగును, చిలుకను, సింహమును దారములోనే పుట్టింతురు. వస్త్రము నేసిన పిదప అచ్చొత్తుట గాదు. నేయుటకు మునుపే, లెక్కప్రకారము దారమును అక్కడక్కడ బిగించి కట్టి రంగులో ముంచుదురు. కట్టినచోట రంగెక్కదు. మగ్గముమీద దారములు కలిసినప్పుడు బొమ్మ బయటపడును. పుట్టపాక తేలియా రుమాలుకు నూలును ఆముదపుకాయల బూడిదనీటిలోను నూనెలోను పలుమారులు నానవేయుదురు. అందలి ముఖ్యవర్ణములు ఎఱుపు, నలుపు, తెలుపు. దీనికి 2020లో భౌగోళికసూచిక లభించినది. పాత రుమాళ్లలో గడియారములును విమానములును నేసిన ఈ చేతులకు పాండా యొక లెక్కయా? దాని నలుపు తెలుపులు ఆ రుమాలుకై పుట్టినట్లే యున్నవి.

ఈ పనిలో స్త్రీల శ్రమను మఱువరాదు. ఒక్క చీరకు ఆసు పోయుటలో చేయి సుమారు 9,000 మారులు ఆడవలెను. తన తల్లి భుజముల నొప్పిని చూచి ఓర్వలేక, ఆలేరు ప్రాంతీయులగు చింతకింది మల్లేశముగారు 1999లో ఆసుయంత్రమును నిర్మించిరి. 2017లో వారికి పద్మశ్రీ పురస్కారము లభించెను. చేనేతబొమ్మను కొనునప్పుడు మనము వెల తగ్గింపుమని పట్టుబట్టునది ఆ భుజములతోనే యని తలపవలెను.

ఇంట చేసికొనదలచినవారికి ఒక మాట. నల్లపూసలును హైదరాబాదు ముత్తెములును ఉన్నచో పాండా ముఖము సులభముగా కుదురును. ముత్తెములు గుండ్రముగా కూర్చి, చెవులకును కన్నులకును నల్లపూసలు పెట్టి, సన్నని వెండితీగతో బిగింపవలెను. అయిదేండ్లలోపు బిడ్డలకు పూసల నగ వలదు. ఊడిన పూసను మ్రింగుదురు. వారికి గుడ్డపై కుట్టిన బొమ్మ చాలును. చవుక లోహపు కమ్మలలో నికెలు కలియుటచే కొందఱి చెవులు పుండు పడును. ముద్రగల వెండియే మేలు.

కావున పరదేశపు జంతువని పాండాకమ్మలను కోడలి చెవినుండి తీయింపకుడు. మనుమని బారసాలకు పులిగోరు వెదకుచున్న పెద్దలున్నచో, వారికి ఈ పుట చదివి వినిపింపుడు. కంసాలి యింటికి పోయి చిన్న పులిబొమ్మను చేయింపుడు. నల్లమలలోని పులి తన గోళ్లతోనే తిరుగుచుండును, మన బిడ్డ మెడయు బోసిగా నుండదు.